ఎపాక్సీ బోర్డా, పీయూ బోర్డా? పేర్ల వెనకున్న అసలు తేడా

సంక్షిప్తంగా

“ఎపాక్సీ బోర్డు”, “పీయూ బోర్డు” అన్నవి ఒకే ప్రశ్నకు రెండు జవాబులు కావు. ఎపాక్సీ అనేది సర్ఫ్‌బోర్డు పైపెంకును గట్టిపరిచే రెసిన్ పేరు; పీయూ (పాలీయురేథేన్) అనేది లోపలి ఫోమ్ పేరు. తేలిక, మన్నిక, అల మీది నడక అంటూ చెప్పుకునే తేడాల్లో కొన్ని ఫోమ్ వల్ల వస్తాయి, కొన్ని రెసిన్ వల్ల వస్తాయి, మరికొన్నింటికి ఈ రెండింటికంటే పైన పరిచిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ మందమే ప్రధాన కారణం. ఏ గుణం దేని నుంచి వస్తుందో విడదీసి చూడకపోతే ఎంపిక కుదరదు.

పేర్లలోనే ఉన్న చిక్కు

సర్ఫ్‌బోర్డు నిర్మాణం సూత్రప్రాయంగా సరళమైనది. తేలికైన ఫోమ్ దిమ్మెను తీసుకుని కావలసిన ఆకారానికి చెక్కుతారు. ఈ దిమ్మెను తయారీదారులు బ్లాంక్ అంటారు, చెక్కే వ్యక్తిని షేపర్ అంటారు. చెక్కిన ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, ద్రవరూపంలో ఉన్న రెసిన్‌తో దాన్ని తడిపి, గట్టిపడ్డాక సానబెడతారు. సంప్రదాయ పద్ధతిలో పాలీయురేథేన్ ఫోమ్ మీద పాలిస్టర్ రెసిన్ వాడతారు. రెండో పద్ధతిలో ఎక్స్‌పాండెడ్ పాలిస్టైరీన్, అంటే ఈపీఎస్ ఫోమ్ మీద ఎపాక్సీ రెసిన్ వాడతారు. ఈపీఎస్ అంటే తెలియని పదార్థమేమీ కాదు. కొత్త టీవీ పెట్టెలో అంచులకు అమర్చి వచ్చే థర్మాకోల్ జాతిదే, కాకపోతే బోర్డులకు వాడే రకం మరింత దట్టంగా, పూసలు గట్టిగా అతుక్కుని ఉంటుంది.

మొదటి జోడీని ఫోమ్ పేరుతోనూ, రెండో జోడీని రెసిన్ పేరుతోనూ పిలవడం అలవాటైపోయింది. ఒక ఇంటిని గోడల పేరుతో, పక్క ఇంటిని పైకప్పు పేరుతో పిలిచి, రెండింటిలో ఏది మంచిదని అడిగినట్లుగా ఉంటుంది ఈ పోలిక. పీయూ ఫోమ్ మీద ఎపాక్సీ రెసిన్ వేసిన బోర్డులూ ఉన్నాయి. అవి పీయూనా, ఎపాక్సీనా అంటే రెండూ సరైన జవాబులే. చేత్తో చెక్కిన ఈపీఎస్ బోర్డునూ, కర్మాగారంలో అచ్చులో పోసి పలుచని పీవీసీ ఫోమ్ పొరను పైన అతికించిన శాండ్‌విచ్ బోర్డునూ “ఎపాక్సీ” అంటూ ఒకే గాటన కట్టేయడం వల్ల చిక్కు ఇంకా ముదిరింది. మొదటిది సున్నితంగా, అల మీద చురుగ్గా ఉండవచ్చు. రెండోది బిరుసుగా, దెబ్బలకు తట్టుకునేలా ఉంటుంది. “ఎపాక్సీ బోర్డు బిరుసుగా ఉంటుంది” అనే అభిప్రాయం చాలావరకు ఈ రెండో రకాన్ని చూసి పుట్టిందే.

ఫోములు రెండు, రెసిన్లు రెండు కాబట్టి నాలుగు జోడీలు సాధ్యం కావాలి. నాలుగోది, అంటే ఈపీఎస్ మీద పాలిస్టర్, నేరుగా కుదరదు. పాలిస్టర్ రెసిన్‌ను పలుచన చేయడానికి అందులో స్టైరీన్ అనే ద్రావణి ఉంటుంది, పాలిస్టైరీన్ ఫోమ్ ఆ స్టైరీన్‌లో కరిగిపోతుంది. తెల్లటి ఈపీఎస్ ముక్క మీద ఒక్క చుక్క పాలిస్టర్ రెసిన్ వేసి చూస్తే ఇది కళ్లముందే కనిపిస్తుంది. చుక్క పడిన చోట పూసలు మెత్తబడి, ఒకదానిలోకి ఒకటి కుంగి, కాసేపట్లో జిగట అంచులున్న గుంట ఏర్పడుతుంది. ఈపీఎస్‌కూ ఎపాక్సీకీ జత కుదరడం వెనక ప్రధాన కారణం ఈ రసాయన విరోధమే. ఫోమ్‌గా ఈపీఎస్‌ను ఎంచుకున్న క్షణంలోనే రెసిన్ కూడా నిర్ణయమైపోతుంది.

పీయూ ఎలా నిలదొక్కుకుంది

ఫోమ్ రాకముందు బోర్డులు కలపతో, ముఖ్యంగా రెడ్‌వుడ్, బాల్సా చెక్కతో తయారయ్యేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్, రెసిన్లు పౌర మార్కెట్‌కు అందుబాటులోకి వచ్చాయి. కాలిఫోర్నియాకు చెందిన బాబ్ సిమన్స్ 1940ల చివర్లోనే పాలిస్టైరీన్ ఫోమ్‌ను మధ్యలో పెట్టి, ప్లైవుడ్, బాల్సాలతో కప్పి బోర్డులు చేశాడు. అంటే ఈపీఎస్ వాడకం ఈ మధ్య వచ్చిన వింత కాదు. ఆలోచనగా అది పీయూ కంటే పాతది. అప్పట్లో చేతికందే పాలిస్టర్ రెసిన్‌కూ ఆ ఫోమ్‌కూ పొసగకపోవడంతో అది వెనకబడింది. పాలిస్టర్‌కు కరగని పాలీయురేథేన్ ఫోమ్ 1950ల చివర్లో వచ్చాక దారి సుగమమైంది. హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ కలిసి దాన్ని వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యులు. క్లార్క్ 1961లో సొంతంగా క్లార్క్ ఫోమ్ సంస్థను స్థాపించాడు.

తర్వాత నాలుగు దశాబ్దాలపాటు అమెరికాలో తయారైన బోర్డుల్లో సింహభాగానికి బ్లాంకులు ఆ ఒక్క సంస్థ నుంచే వెళ్లాయి. 2005 డిసెంబరు 5న క్లార్క్ తన వినియోగదారులకు ఫ్యాక్స్‌లో లేఖ పంపి, సంస్థను ఉన్నపళంగా మూసేశాడు. ఫోమ్ తయారీలో వాడే టొలుయీన్ డైఐసోసయనేట్ అనే విష రసాయనం, పర్యావరణ, కార్మిక భద్రతా నియమాలు, వాటివల్ల మీదపడగల న్యాయపరమైన బాధ్యత ఆ లేఖలో ప్రధానంగా కనిపిస్తాయి. మూతపడ్డది సోమవారం కావడంతో సర్ఫింగ్ లోకం దాన్ని “బ్లాంక్ మండే” అని పిలుచుకుంది.

ఆ రోజుతో రెండు మార్పులు మొదలయ్యాయి. ఇతర దేశాల పీయూ ఫోమ్ తయారీదారులు అమెరికా మార్కెట్‌లోకి వచ్చారు. బ్లాంకులు దొరకని షేపర్లు అప్పటిదాకా పక్కన పెట్టిన ఈపీఎస్ వైపు తిరిగారు. ఎపాక్సీ బోర్డుల ప్రచారం ఊపందుకున్న కాలం ఇదే. సరఫరా కుదుటపడగానే పీయూ తిరిగి పుంజుకుంది. ఒక పదార్థం మరొకదాన్ని పూర్తిగా తోసేయలేకపోవడాన్ని బట్టి చూస్తే, రెండింటి మధ్య ఉన్నది పాత, కొత్త అనే తేడా కాదనీ, ఒకటి ఇచ్చేది మరొకటి ఇవ్వలేకపోతున్నదనీ అర్థమవుతుంది.

“ఎక్కువ తేలుతుంది” అనే మాటలో నిజమెంత

ఈపీఎస్ బోర్డుల గురించి అందరూ చెప్పే మొదటి మాట అవి ఎక్కువగా తేలుతాయని. దీన్ని లెక్కతో పరీక్షించవచ్చు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం బోర్డును పైకి తోసే బలం అది తొలగించిన నీటి బరువుకు సమానం. 30 లీటర్ల బోర్డు పూర్తిగా మునిగితే, ఏ ఫోమ్‌తో చేసినా, దాన్ని నీరు సుమారు 30 కిలోల బలంతోనే పైకి తోస్తుంది. తేడా వచ్చేది బోర్డు సొంత బరువులో మాత్రమే. పీయూ ఫోమ్ సాంద్రత ఘనమీటరుకు 45 కిలోలనుకుంటే 30 లీటర్లకు 1.35 కిలోలు అవుతుంది. ఘనమీటరుకు 24 కిలోల ఈపీఎస్ అయితే అదే పరిమాణానికి 0.72 కిలో. పైన ఒకే రకం గుడ్డ, ఒకే మోతాదు రెసిన్ ఉన్నాయనుకుంటే తేడా 630 గ్రాములు. 70 కిలోల మనిషి, 3 కిలోల బోర్డు కలిసిన బరువులో ఇది ఒక్క శాతం కూడా కాదు. మనిషి బరువు ఒక పూట భోజనంతో మారేంత తేడా ఇది.

అలాగని ఈపీఎస్ బోర్డు “బెండులా” ఉందని చెప్పే సర్ఫర్లు పొరపడుతున్నారని కాదు. వాళ్లకు తెలుస్తున్న తేడా నిజమైనదే, దానికి చెప్పుకునే కారణమే సరైనది కాదు. ఆ 630 గ్రాములు బోర్డు పొడవంతా పరుచుకుని ఉంటాయి. తిప్పేటప్పుడు ఎదురయ్యే జడత్వం, తిరిగే కేంద్రం నుంచి దూరానికి వర్గంగా పెరుగుతుంది. కేంద్రానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 100 గ్రాముల కంటే 90 సెంటీమీటర్ల దూరంలో, ముక్కు దగ్గర ఉన్న 100 గ్రాములు తొమ్మిది రెట్లు ఎక్కువ మొండికేస్తాయి. కాబట్టి కొన చివర్లలో తగ్గిన కొద్దిపాటి బరువు కూడా పాదం కింద స్పష్టంగా తెలుస్తుంది. తేలే గుణం కావాలనుకునేవారు ఫోమ్ రకం మార్చడం కంటే బోర్డు ఘనపరిమాణాన్ని ఒకటి రెండు లీటర్లు పెంచుకోవడం చాలా సూటి మార్గం.

అల మీద నడక

బరువు తగ్గడం ప్రతిచోటా లాభం కాదు. గాలికి నీటి ఉపరితలం గరుకుగా మారినప్పుడు ప్రతి చిన్న తరగా బోర్డు అడుగును కొడుతుంది. బరువైన బోర్డు తన వేగం తాలూకు ఊపుతో వాటిని చీల్చుకుపోతుంది. తేలికైనది వాటి మీద ఎగిరెగిరి పడుతుంది. దీనికి తోడు, పీయూ ఫోమ్, పాలిస్టర్ పెంకు కలిసిన బోర్డు కంపనాన్ని కొంత తనలోనే ఇముడ్చుకుంటుందనీ, ఈపీఎస్, ఎపాక్సీ జోడీ దాన్ని పాదాల దాకా ఎక్కువగా చేరవేస్తుందనీ అనుభవజ్ఞులైన సర్ఫర్లు చాలామంది చెబుతారు.

ఈ కారణంగానే అలలు చిన్నగా, బలహీనంగా ఉన్నప్పుడు ఈపీఎస్‌కూ, అలలు పెద్దగా, వేగంగా ఉన్నప్పుడు పీయూకూ మొగ్గు కనిపిస్తుంది. అల చిన్నదైతే వేగాన్ని సర్ఫరే పుట్టించుకోవాలి, అక్కడ ప్రతి గ్రాము అడ్డే. అల పెద్దదైతే వేగం దానంతటదే వస్తుంది. కావలసింది ఆ వేగంలో బోర్డు అదుపు తప్పకుండా నీటిని పట్టుకుని ఉండటం. పోటీల్లో పాల్గొనే సర్ఫర్లు ఒకే ఆకారాన్ని రెండు నిర్మాణాల్లోనూ చేయించుకుని ఆనాటి సముద్రాన్ని బట్టి ఒకటి తీసుకోవడం ఇందుకే.

వంగే గుణం గురించి మరొక మాట. చాలా పీయూ బోర్డుల్లో మధ్యగా, ముక్కు నుంచి తోక దాకా పలుచని చెక్కబద్ద ఉంటుంది. దీన్ని స్ట్రింగర్ అంటారు. ఈపీఎస్ బోర్డుల్లో కొన్నింటికి అదే ఉంటుంది, కొన్నింటికి దాని బదులు అంచుల వెంట కార్బన్ ఫైబర్ పట్టీలో, బాల్సా చెక్కో ఉంటాయి, కొన్నింటికి ఏదీ ఉండదు. బోర్డు ఎక్కడ, ఎంత వంగి, ఎంత త్వరగా తిరిగి లేస్తుందన్నది ఈ అమరికను బట్టే ఎక్కువగా మారుతుంది. దాన్ని ఫోమ్ ఖాతాలో గానీ, రెసిన్ ఖాతాలో గానీ వేయడం సరికాదు.

బలం ఎక్కడి నుంచి వస్తుంది

ఎపాక్సీ బోర్డు విరగదు అనే ప్రచారం బాగా స్థిరపడింది. దీన్ని అర్థం చేసుకోవాలంటే బోర్డు ఎలా విరుగుతుందో చూడాలి. రెండు చివర్లూ ఒక దిశలో, మధ్యభాగం మరో దిశలో నెట్టుకుపోయినప్పుడు ఒకవైపు పెంకు సాగుతుంది, మరోవైపు పెంకు నొక్కుకుపోతుంది. ఫైబర్‌గ్లాస్ సాగదీతను బాగా ఓర్చుకుంటుంది. నొక్కుకుపోయే వైపున మాత్రం పలుచని పెంకు కాగితంలా ముడుచుకుంటుంది, ఆ ముడత అడ్డంగా పాకిన చోట బోర్డు రెండుగా విరుగుతుంది. పెంకు ముడుచుకోకుండా వెనక నుంచి ఆపేది ఫోమ్. అంటే విరగకపోవడం అనేది పెంకు మందం, ఫోమ్ గట్టిదనం, రెండింటి మధ్య అతుకు, ఈ మూడింటి ఉమ్మడి ఫలితం.

అతుకు విషయంలో ఎపాక్సీది స్పష్టంగా పైచేయి. అది తెగకముందు ఎక్కువగా సాగుతుంది, గుడ్డనూ ఫోమ్‌నూ గట్టిగా పట్టుకుంటుంది, గట్టిపడేటప్పుడు పాలిస్టర్ కంటే బాగా తక్కువగా కుంచించుకుంటుంది. పాలిస్టర్ పెళుసుగా ఉండి దెబ్బ తగిలిన చోట నెర్రెలుగా చిట్లుతుంది. ఫోమ్ విషయంలో మాత్రం పలుచని ఈపీఎస్ వెనకబడుతుంది. ఘనమీటరుకు 16 కిలోల ఈపీఎస్‌ను బొటనవేలితో నొక్కితేనే సొట్టపడుతుంది; పెంకుకు అది ఇచ్చే ఆసరా తక్కువ. అనుభవం ఉన్న తయారీదారులు అందుకే ఫోమ్‌లో మిగిలిన బరువును పైన అదనపు గుడ్డగా ఖర్చుపెడతారు. అలా చేసిన ఈపీఎస్ బోర్డు అదే బరువున్న పీయూ బోర్డు కంటే గట్టిదవుతుంది. అలా చేయకుండా, చేత్తో ఎత్తిచూసినప్పుడు తేలిగ్గా అనిపించాలని రెండు వైపులా గుడ్డను కూడా తగ్గిస్తే అసలుకే ఎసరు వస్తుంది.

బోర్డు మీద గుడ్డ వివరాలు సాధారణంగా ఔన్సుల్లో రాస్తారు. చదరపు గజానికి 4 ఔన్సుల గుడ్డ అంటే చదరపు మీటరుకు సుమారు 135 గ్రాములు. 6 ఔన్సులదైతే సుమారు 200 గ్రాములు. నిలబడే పైభాగంలో రెండు పొరలు, అడుగున ఒక పొర వేయడం పరిపాటి. పైన 4, 4 ఔన్సులు వేసిన ఎపాక్సీ బోర్డు కంటే 6, 4 ఔన్సులు వేసిన పీయూ బోర్డుకు సొట్టలు తక్కువ పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మన్నిక గురించి అడగవలసిన మొదటి ప్రశ్న గుడ్డ ఎంత అన్నదే, ఆ తర్వాతిది ఈపీఎస్ అయితే దాని సాంద్రత ఎంత అన్నది.

నీరు, ఎండ, గాలి

ఈపీఎస్‌లోని ఒక్కో పూస మూసుకునే ఉంటుంది, కానీ పూసకూ పూసకూ మధ్య సన్నని సందులుంటాయి. పెంకుకు చిన్న పగులు వచ్చినా నీరు ఆ సందుల వెంట లోపలికి దూరుతుంది. అలా పగిలిన బోర్డును ఒడ్డుకు తెచ్చి పగులు కిందికి వచ్చేలా నిలబెడితే, ఆ సన్నని గీత దగ్గర ఒక చుక్క ఊరి, జారి, మరో చుక్క ఊరుతూ చాలాసేపు కారుతూనే ఉంటుంది. పీయూ ఫోమ్ కూడా నీరు తాగుతుంది, అయితే నెమ్మదిగా, పగులు చుట్టుపక్కలే. అక్కడ గోధుమరంగు మరక కనిపించి జాగ్రత్త చెబుతుంది. నీటిలో ఉండగా పెంకు పగిలితే ఈపీఎస్ బోర్డుతో వెంటనే బయటికి రావాలనే నియమానికి కారణం ఇదే.

ఎండతో వచ్చే సమస్య మరో రకం. ఆ సందుల్లో ఉన్న గాలి వేడికి వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు, అంటే మూసిన కారులో సులువుగా చేరే వేడికి, బయటికి దారిలేని గాలి పీడనం సుమారు 13 శాతం పెరుగుతుంది. వినడానికి ఇది చిన్న అంకె. అరచేయంత వైశాల్యం మీద మాత్రం అది లోపలి నుంచి దాదాపు 10 కిలోల బరువు తోసినట్లు. అదే వేడికి రెసిన్, ఫోమ్ రెండూ కాస్త మెత్తబడి ఉంటాయి కాబట్టి పెంకు ఫోమ్‌ను వదిలి బుడగలా పైకి లేస్తుంది. ముదురు రంగు బోర్డులకు ఈ ముప్పు మరింత ఎక్కువ. చాలా ఈపీఎస్ బోర్డులకు గాలి పోయే రంధ్రం పెట్టడం దీనికోసమే. కొన్నింటికి గాలిని వదిలి నీటిని ఆపే పొర ఉంటుంది, కొన్నింటికి చేత్తో తిప్పే మర ఉంటుంది. మర ఉన్నవాటిని విమానంలో పంపేటప్పుడు వదులు చేయాలి, నీటిలోకి దిగేముందు బిగించాలి. రెండో పని మరిచిపోతే బోర్డు నీటితో నిండుతుంది.

పీయూ బోర్డు ఇలాంటి వేడిని మెరుగ్గా ఓర్చుకుంటుంది, దాని శత్రువు సూర్యకాంతి. అతినీలలోహిత కిరణాలకు ఫోమ్, పాలిస్టర్ రెసిన్ క్రమంగా పసుపుబారుతాయి. ఎపాక్సీ కూడా పసుపుబారుతుంది, కాకపోతే కింద ఉన్న ఈపీఎస్ తెల్లగానే ఉండటం వల్ల తక్కువగా కనిపిస్తుంది.

తయారుచేసేవారి వైపు నుంచి

నిర్మాణం ఎంపిక కొనేవారి ఇష్టంతోనే తేలదు, పనిశాలలో ఏది సాధ్యమన్నదీ అందులో భాగమే. పీయూ బ్లాంక్‌ను చెక్కడం సులువు. రంద నునుపుగా సాగుతుంది. ఈపీఎస్‌లో రంద తప్పితే పూసలకు పూసలే ఊడివస్తాయి, ఆ గుంటలను పూడ్చి ఉపరితలాన్ని మూసేదాకా గుడ్డ పరచడానికి లేదు, లేకపోతే రెసిన్ సందుల్లోకి ఇంకి బరువు పెరుగుతుంది. పాలిస్టర్ రెసిన్ నిమిషాల్లో గట్టిపడేలా సర్దుకోవచ్చు, అతినీలలోహిత కాంతికి గట్టిపడే రకమైతే ఎండలో పెట్టేదాకా పనివాడి వేగానికి లొంగి ఉంటుంది. ఎపాక్సీకి గంటలు పడుతుంది, రెండు ద్రవాలను తయారీదారు చెప్పిన కొలతకు కచ్చితంగా కలపాలి. కొలత తప్పితే అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. ఎపాక్సీ బోర్డుకు సాధారణంగా ధర ఎక్కువ ఉండటానికి రెసిన్ ఖరీదుతో పాటు ఈ సమయమూ కారణమే.

ఆరోగ్యం విషయంలో ఏదీ నిర్దోషి కాదు. పీయూ ఫోమ్ తయారీలో వాడే ఐసోసయనేట్లు ఉబ్బసాన్ని తెస్తాయి. పాలిస్టర్ నుంచి ఘాటైన స్టైరీన్ ఆవిరి వెలువడుతుంది. ఎపాక్సీకి వాసన తక్కువ కాబట్టి హానిలేదనుకుని చేతి తొడుగుల్లేకుండా పనిచేసేవారికి చర్మం క్రమంగా దానికి ఎదురుతిరుగుతుంది. ఒకసారి ఆ ఎలర్జీ స్థిరపడితే కొద్దిపాటి తాకిడికే దద్దుర్లు లేస్తాయి, చాలామందికి ఆ వృత్తే మానుకోవలసి వస్తుంది. బోర్డును అమ్మేటప్పుడు ఎపాక్సీని “పర్యావరణహితం” అనడం విన్నప్పుడు ఆ బోర్డు చేసిన చేతులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎవరికి ఏది కుదురుతుంది

నేర్చుకునే దశలో ఉన్నవారికి బోర్డు బరువు తేడా కంటే పొడవు, వెడల్పు, ఘనపరిమాణం చాలా ముఖ్యం. వాళ్ల బోర్డు రాళ్లకు, ఇసుకకు, ఇతరుల బోర్డులకు తగులుతూనే ఉంటుంది గనక, అచ్చులో చేసిన మందపాటి ఎపాక్సీ శాండ్‌విచ్ బోర్డు ఆ దశకు సరిపోతుంది. చిన్న అలలున్న తీరాల్లో ఎక్కువగా సర్ఫ్ చేసేవారికి తగినంత గుడ్డ వేసిన ఈపీఎస్ బోర్డు లాభసాటి. గాలి ఎక్కువగా ఉండే తీరాలకూ, బలమైన అలలకూ, బోర్డును తరచూ వేడి కారులో ఉంచక తప్పనివారికీ పీయూ నమ్మదగినది. ఈపీఎస్ తేలికదనం అక్కర్లేదు, ఎపాక్సీ పెంకు గట్టిదనం మాత్రం కావాలనుకునేవారు పీయూ ఫోమ్ మీద ఎపాక్సీ వేసిన మూడో రకాన్ని పరిశీలించవచ్చు. దీని పేరు తక్కువగా వినిపించడానికి అది అమ్మకాల్లో ఏ ఒక్క గుంపులోనూ ఇమడకపోవడమే కారణమై ఉండవచ్చు.

పాత బోర్డు కొనేటప్పుడు లోపల ఏముందో చీటీ మీద రాసి ఉండకపోవచ్చు. రంగు వేయని చోట వెలుతురుకు పట్టి చూస్తే ఈపీఎస్ అయితే పెంకు కింద గుండ్రని పూసల గుర్తులు కనిపిస్తాయి. గాలి రంధ్రం ఉంటే అది దాదాపు ఖాయం. పీయూ అయితే పూసల్లేకుండా ఒకే తీరుగా, వయసును బట్టి కాస్త పసుపుగా ఉంటుంది. ఎటూ తేలకపోతే మరమ్మతుకు ఎపాక్సీ రెసిన్‌నే వాడాలి. అది పాత పాలిస్టర్ పెంకుకూ అతుక్కుంటుంది, రెండు ఫోముల్లో దేన్నీ కరిగించదు. పాలిస్టర్‌తో మొదలుపెట్టి, లోపల ఉన్నది ఈపీఎస్ అని ఆలస్యంగా తెలిస్తే, వేలిగోరంత పగులు పిడికిలి పట్టేంత గుంటవుతుంది.